మూపురం కొండ మీద మా వియ్యపురాలు

ఇది రాయడం ఎందుకులే అనుకున్నాను. బద్ధకం ఒక కారణం. ఇంకో కారణం ఏమిటంటే, ఇలాంటివి ఎవరు రాసినా చివరికి పోయినవాళ్ళంతా ఒకే మనిషిలా కనబడతారు. అందరూ చిరునవ్వుతోనే బతికారు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు, అందరూ తీరని లోటే. మా వియ్యపురాలు అలాంటి మనిషి కాదు. నన్నే ఆవిడ బోలెడు మాటలు అన్నారు. వాటిలో ఎక్కువ భాగం నిజాలే కాబట్టి ఇప్పుడు కాదనడానికీ లేదు. కాగితాలు పక్కన పడేసి టీవీ ముందు కూర్చుంటే మా ఆవిడ వచ్చి, "ఆవిడ కొండెక్కడం దగ్గరుండి చూసింది మీరొక్కరే. రేపు మీరూ పోతే ఎవరు చెప్తారు?" అంది. నా చావు గురించి ఇంత మామూలుగా మాట్లాడే హక్కు ఇంట్లో ఆమెకే ఉంది. సరే అని మొదలుపెట్టాను.

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున మా కోడలు ఫోన్ చేసింది. అమ్మ ఫోనెత్తడం లేదు, నేను బయల్దేరాను, మీరు దగ్గర కదా, ఒకసారి చూడండి అంది. సిడ్నీ శివార్లలో గిరావీన్ మాది. అక్కడ మా ఇంటికీ వియ్యపురాలి ఇంటికీ మధ్య రెండు వీధులు. తాళం చెవి ఒకటి మా దగ్గరే ఉంటుంది. వెళ్ళేసరికి పెరట్లో గొడుగులా తిరిగే దండెం మీద బట్టలు తడితడిగా ఉన్నాయి. ఆవిడ వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. పొద్దున ఎనిమిది గంటలకి ఆవిడ కూర్చుని ఉండటం నేనెప్పుడూ చూడలేదు. అందుకే గడప దగ్గరే నాకు తెలిసిపోయింది.

ఆవిడ ఉద్యోగమే నిలబడే ఉద్యోగం. భర్త ఇంజనీరు. ఆయన వెంట పల్నాటి నుంచి సిడ్నీ వచ్చి, పిల్ల కాస్త పెద్దదయ్యాక, స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించే పనిలో చేరారు. చీర మీద మెరిసే పసుప్పచ్చ జాకెట్టు, చేతిలో కర్రకి బిగించి ఆగమని రాసిన గుండ్రటి బోర్డు. పిల్లలు లాలీపాప్ ఆంటీ అనేవాళ్ళు. ఎండైనా వానైనా అక్కడే. చాలా ఏళ్ళు చేశారు. ఒకసారి నేను కారులో తొందరగా పోతూ పిల్లలు దాటే చోట కారాగాల్సిన గీత మీద ఒక చక్రం పెట్టాను. అప్పటికి మా వాడికీ వాళ్ళమ్మాయికీ పెళ్ళై ఏడాది కూడా కాలేదు. ఇంకా వియ్యాలవారి మర్యాదలు నడుస్తున్న రోజులు. ఆవిడ బోర్డు నా బానెట్టుకి ఆనించి, స్కూలు పిల్లలూ వాళ్ళ తల్లులూ అందరూ వినేలా, "అన్నయ్యగారూ, వెనక్కి" అన్నారు. వెనక్కి వెళ్ళాను. సాయంత్రం ఇంటికొచ్చి కాకరకాయ కూర ఇచ్చి వెళ్ళారు. అందులో క్షమాపణ ఏమీ లేదు, మామూలు కూరే.

నేను రాసినవి చదివేవారు కూడా. కళ్ళజోడు ముక్కు చివరికి దింపి, వేలితో వరస వెంట పోతూ, "అసలు సంగతి ఇక్కడ మొదలైంది, ఇంతదాకా రాసిందంతా ఏందన్నయ్యగారూ?" అనేవారు. నేను పదో తరగతితో ఆపేసి, మిగతా చదువు సిడ్నీ రైల్వే వర్క్‌షాపులో మధ్యాహ్నం విరామాల్లో, లైబ్రరీ వాళ్ళు పాతవని పారేసే పుస్తకాల్లో చదువుకున్నవాణ్ణి. అలా చదువుకున్నవాడికి ఏది అవసరమో ఏది కాదో చెప్పేవాళ్ళుండరు. అన్నీ అవసరమే అనిపిస్తాయి. ఆవిడకి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోలేదు. కాబట్టి ఇక అసలు సంగతి.

భర్త పోయాక ఆవిడ ఆ ఇంట్లో ఒక్కరే ఉండేవారు. ఒక చలికాలం స్నానాల గదిలో జారిపడ్డారు. ఏమీ విరగలేదు గానీ మా కోడలి గుండెలో ఏదో విరిగింది. ఆ రోజు నుంచీ ఒకటే మాట, ఆ ఇల్లు అమ్మెయ్, మా ఇంటికొచ్చెయ్. మా వాడు కింద గదికి రంగులు కూడా వేయించాడు. గోడలకి పట్టుకునే కడ్డీలు బిగించాడు. ఆవిడ ఆ గది చూసి చాలా బాగుందన్నారు, మధ్యాహ్నం భోంచేశారు, సాయంత్రం రైలెక్కి గిరావీన్ వచ్చేశారు. ఇది నెలకోసారి జరిగేది. తల్లీకూతుళ్ళ మధ్య మాటలు తగ్గాయి. ఫోన్లో ఇద్దరూ వాతావరణం గురించే మాట్లాడుకునేవాళ్ళు.

ఆ గొడవ నడుస్తుండగానే మా కోడలు ఇంగ్లండు ప్రయాణం పెట్టింది. యార్క్‌షైర్ అనే చోట పల్లెటూళ్ళో ఒక రాతి కాటేజీ, అద్దెకి. అందరం వెళ్ళి నడవాలి. సిడ్నీ నుంచి ఒక రోజంతా కూర్చుని వెళ్ళి అక్కడ నడవడమేమిటని అడిగాను. నడకే కావాలంటే బ్లూ మౌంటెన్స్ ఇక్కడే లేవూ? మా కాలంలో నడిచాడంటే బస్సు తప్పిపోయిందని అర్థం. "నాన్నా, ఇట్స్ ఎ హాలిడే" అన్నాడు మా వాడు. వాడికి జవాబు దొరకనప్పుడు ఇంగ్లీషులోకి పోతాడు. మా మనవరాలు పుట్టిందే ఇంగ్లీషులో కాబట్టి ఆ పిల్లకి ఆ సమస్య లేదు.

వియ్యపురాలు మాత్రం పారమట్టా బజారుకి వెళ్ళి నడక బూట్లు కొనుక్కొచ్చారు. ఎలాంటి నేల మీద నడుస్తారని కొట్టు కుర్రాడు అడిగితే, "రోడ్డు మీద, మధ్యలో నిలబడతా" అన్నారట.

ఆ కాటేజీ నాలుగు వందల ఏళ్ళ నాటిదని వాళ్ళు గొప్పగా రాసుకున్నారు. గుమ్మాలు కూడా అప్పటివే. మా వాడు రోజూ పొద్దునా సాయంత్రం దూలానికి తల కొట్టుకునేవాడు. నేను వంగి వంగి నడుం పట్టేసింది. ఆ ఇంట్లో తల వంచకుండా తిరిగింది మా వియ్యపురాలు ఒక్కరే. ఆవిడ నా భుజం దాకా కూడా రారు. వంటింట్లో కుక్కరు కూత వేస్తే కిటికీ అవతల గొర్రెలు తలలెత్తి చూసేవి. కిటికీలోంచి ఒక కొండ కనబడేది. దానికేదో పేరుంది గానీ మా నోళ్ళకి ఎక్కలేదు. ఎద్దు మూపురంలా ఉందని ఆవిడ మూపురం కొండ అన్నారు. అదే స్థిరపడింది.

అక్కడి నడకదారులు జనం పొలాల్లోంచీ పెరళ్ళ పక్కనుంచీ పోతాయి. ఎవరైనా పోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు, అది ఆ దేశంలో పాత హక్కు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివే ఉన్నాను, ఆవిడకి చెప్పాను కూడా. ఆవిడ నమ్మలేదు. ఒకరి పొలంలో అడుగు పెడుతూ మాట చెప్పకపోవడమేంది, మనుషులు కాదా వాళ్ళు అన్నారు. మొదటిరోజే సిడ్నీ నుంచి తెచ్చిన జంతికలు కవర్లో వేసుకుని పక్క పొలం వాళ్ళింటికి వెళ్ళి తలుపు కొట్టారు. ఆ రైతమ్మకి కూడా డెబ్బై దాటి ఉంటాయి. మేం మీ పొలంలోంచి పోతున్నాం, ఫరవాలేదా అని ఆవిడ అడిగితే, ఇది అందరి దారేనమ్మా అంటూ నవ్విందట. మర్నాడు మళ్ళీ వెళ్ళి అడిగారు. ఆ మర్నాడూ. మా మనవరాలు సిగ్గుతో చచ్చిపోయింది. "అమ్మమ్మా, ఇట్స్ లిటరల్లీ ఎ పబ్లిక్ ఫుట్‌పాత్" అని బతిమాలింది. "నిన్న అడిగింది నిన్నటికి" అన్నారు ఆవిడ. నాలుగో రోజు నుంచి ఆ రైతమ్మ టీ పెట్టి ఎదురుచూడటం మొదలుపెట్టింది.

దారిలో ఒక ఇనప గేటు ఉండేది. ఒక్కొక్కరే ఇరుక్కుని తిరిగి దాటాలి. దాన్ని కిస్సింగ్ గేట్ అంటారని మనవరాలు చెప్పింది. అప్పటి నుంచీ నేను ఆ గేటు దగ్గరికి వస్తుంటే వియ్యపురాలు చెయ్యెత్తి నన్ను పది గజాల అవతల ఆపి, తాను దాటాక రమ్మనేవారు.

మొదటి వారం పిల్లలు కొండలెక్కడం, ముసలివాళ్ళం గేటు దాకా వెళ్ళి రావడం. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మా కోడలు ఉండబట్టలేక మళ్ళీ ఎత్తింది.

"గేటు దాకా వెళ్ళి రావడానికి అరగంట పట్టిందమ్మా నీకు. ఒక్కదానివే ఎలా ఉంటావు చెప్పు? ఐ కాంట్ స్లీప్."

ఆవిడ మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టారు. "ఆ మూపురం ఎక్కి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి ఇంటికొస్తే?"

"అమ్మా, బీ సీరియస్."

"వస్తే?"

"వస్తే ఇల్లు అమ్మే మాట ఇంకెప్పుడూ ఎత్తను. రాలేకపోతే మాత్రం సిడ్నీ దిగగానే మా ఇంటికి. నో మోర్ ఆర్గ్యుమెంట్స్."

"సరే. అన్నయ్యగారు విన్నారు."

నా నోట్లో పప్పన్నం ఉంది. మింగి, విన్నానన్నాను. కోడలు నవ్వింది గానీ కళ్ళల్లో నవ్వు లేదు. గెలుస్తానని తెలిసి కాసిన పందెం అది, తల్లి మంచికే. ఎందుకంటే ఆ కొండకి పిల్లలెక్కే దారి నిలువు రాతిమెట్లు. అది ఎక్కి మా వాడే రొప్పుతూ దిగొచ్చాడు.

మర్నాడు వియ్యపురాలు రైతమ్మ దగ్గర మామూలు కంటే ఎక్కువసేపు ఉన్నారు. వచ్చి నాకేమీ చెప్పలేదు. తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక ఒక పొద్దున, పిల్లలు ముగ్గురూ ఆఖరిసారి కొండెక్కుతామని బయల్దేరి వెళ్ళాక, "అన్నయ్యగారూ, బూట్లేసుకోండి, సాక్షం కావాలి" అన్నారు. మా ఆవిడ అప్పటికే ఫ్లాస్కులో టీ పోసి ఉంచింది. అంటే ఆమెకి ముందే తెలుసు. నాకు తప్ప అందరికీ తెలుస్తాయి మా ఇంట్లో.

రైతమ్మ ఇంటి వెనక ఒక గేటుంది. ఎప్పుడూ తాళం వేసి ఉండేది. ఆ రోజు తీసి ఉంది. అక్కణ్ణించి కొండ వెనకవైపుగా మట్టిదారి, గొర్రెలకి మేత తీసుకెళ్ళే ట్రాక్టరు దారి, మెల్లగా చుట్టుకుంటూ పైదాకా పోతుంది. అది అందరి దారి కాదు, వాళ్ళ సొంతం. మ్యాపులో లేదు, మా వాడి ఫోనులో అసలే లేదు. ఎవరినీ పోనివ్వరు. రోజూ వచ్చి అడిగిన మనిషికి మాత్రం, నా తుంటి బాగాలేదు, నేను ఇటే ఎక్కుతాను, నువ్వూ పో అని చెప్పింది ఆ రైతమ్మ.

దగ్గర కాదు. మెట్లదారికి రెండింతలు. ఆవిడ చిన్న చిన్న అడుగులు వేస్తూ, ఆయాసం వస్తే నిలబడి, తగ్గాక మళ్ళీ కదులుతూ నడిచారు. ఒక్కసారి కూర్చోలేదు. నేను ఒక బండ కనబడగానే కూలబడ్డాను. ఆవిడ నా ముందు నిలబడి, నన్ను చూడకుండా, కింద లోయ చూస్తూ మాట్లాడారు.

"అల్లుడి ఇల్లని కాదన్నయ్యగారూ. మీవాడు బంగారం. నేను మంచినీళ్ళకి లేస్తే, మీరు కూర్చోండత్తయ్యా నేను తెస్తా అంటాడు. గిన్నె కడగబోతే అమ్మాయి లాక్కుంటది. టీవీ ఆపడానికి లేస్తే మనవరాలు ఆపుద్ది. ఎంత ప్రేమంటే, పొద్దున కూర్చోబెడితే రాత్రిదాకా లేవనీరు. అట్టా ఆర్నెల్లు కూర్చుంటే నేను ఇంక లెవను. అది అమ్మాయికి చెబితే ఏడుస్తది. చెప్పలేకపోయా."

ఇన్నేళ్ళలో ఆవిడ తన గురించి ఇంతసేపు మాట్లాడటం అదే. నేనేమైనా అనేలోపు, "మీరు కూర్చుంటే కూర్చోండి, నేను పోతన్నా" అని కదిలారు. లేవక ఏం చేస్తాను, సాక్షిని.

ఇంకాస్త పైన దారికి అడ్డంగా ఆవులు. మన ఆవులు కాదవి, ఒక్కొక్కటీ మా కారంత ఉంది. దూడలు కూడా ఉన్నాయి. దూడలున్న ఆవుల జోలికి వెళ్ళొద్దని కాటేజీలో గోడకి కాగితం అంటించి మరీ చెప్పారు. నేను వెనక్కి పోదామన్నాను. ఆవిడ దారి దిగి, పొలం రాతిగోడ వారగా దూరంగా నడుస్తూ, ఒక ఆవు మా వైపు రెండడుగులు వేసేసరికి అరచెయ్యి ఎత్తారు. స్కూలు ముందు ఎత్తినట్టే, మోచెయ్యి వంచకుండా. ఆవు ఆగింది. ఎందుకాగిందో నాకు తెలియదు, దానికీ తెలిసి ఉండదు. ఆవిడ చెయ్యి దించకుండా రెండో చేత్తో నన్ను, పదండి పదండి అని గోడ వెంట దాటించారు. దాటాక చెయ్యి దించి, పైట సర్దుకున్నారు.

కొండ మీద ఒక రాళ్ళ కుప్ప ఉంది. దాని మీద చెయ్యి వేసి ఆవిడ నిలబడ్డప్పుడు గాలికి చీర చెంగు జెండాలా కొట్టుకుంది. ఇలా రాస్తే ఆవిడ కొట్టేసేవారు. కానీ జెండాలాగే ఉంది, నేను చేసేదేమీ లేదు. పిల్లలు ఇంకా రాలేదు. మెట్లదారిలో ఎక్కడో దారి తప్పి బురదలో దిగబడ్డారని తర్వాత తెలిసింది. మేం టీ తాగుతుంటే ముందు మనవరాలి తల కనబడింది, తర్వాత మా వాడిది, చివర మా కోడలు, మోకాళ్ళదాకా బురదతో.

మనవరాలు నోరు తెరిచి, "అమ్మమ్మా. నో వే" అంది. మా కోడలు రాళ్ళ కుప్ప దగ్గరికి వచ్చి నిలబడి తల్లిని చూసింది. తిట్టబోయింది. ఊపిరి చాలలేదు.

"రా తల్లీ, కూర్చో. బాగా అలిసిపోయావు" అన్నారు వియ్యపురాలు.

కోడలు నిజంగానే కూర్చుంది. టీ ఇస్తే తాగింది. ఆ తర్వాత ఫోను తీసి మ్యాపు చూసి, ఆ దారి ఇందులో లేదు, ఇది చీటింగ్ అంది. అందరూ నా వైపు చూశారు. కొండెక్కాలని ఒప్పందం, ఏ దారినో ఎవరూ అనలేదు, చెల్లుతుంది అన్నాను. నా జీవితంలో నా తీర్పు ఒకటి అమలైందంటే అదే.

అయితే పందెం సగమే అయింది. ఎక్కడం వేరు, దిగడం వేరు. మోకాళ్ళకి అసలు పరీక్ష దిగేటప్పుడే. సగం దిగాక ఆవిడ కుడికాలు ఒకసారి వణికింది. చూశాను. రెండోసారి వణికి, ఒరిగారు. మా కోడలు చెయ్యి చాపింది. "ఆగండి" అన్నారు ఆవిడ, అరచెయ్యి ఎత్తి. కోడలి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఎవరం కదల్లేదు. ఆవిడ నేలకేసి చూస్తూ మోకాలు రుద్దుకున్నారు. చాలాసేపే అనిపించింది. నాకైతే ఇల్లు అమ్మేసినట్టే అనిపించింది. అప్పుడు ఆవిడ పక్కకి తిరిగి, ఎడమకాలు ముందు, కుడికాలు దాని పక్కకి, మెట్లు దిగినట్టు అడ్డంగా దిగడం మొదలుపెట్టారు. మా వాడు వెళ్ళి ఆవిడకి రెండడుగుల ముందు నడవసాగాడు. పడితే తన మీద పడాలని. అది పట్టుకోవడం కిందికి రాదు కదా. నా కొడుకు గురించి నేను పొగిడి రాయడం ఇదే మొదలు. ఇదే చివర కూడా.

అలాగే గేటు దాటారు, రైతమ్మ ఇల్లు దాటారు. రైతమ్మ వాకిట్లో నిలబడి చప్పట్లు కొట్టింది. ఆవిడ కాటేజీ గుమ్మంలో తల వంచకుండా లోపలికి వెళ్ళి, మా ఆవిడని అన్నం ఉందా అని అడిగారు.

మా కోడలు మాట నిలబెట్టుకుంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. రోజూ పొద్దున ఫోన్ చేసేది, అంతే. తల్లీకూతుళ్ళు మళ్ళీ దెబ్బలాడుకోవడం మొదలుపెట్టారు, కూరల గురించీ సీరియళ్ళ గురించీ, అంటే అంతా బాగుందన్నమాట. రంగులేసిన గదిలో మా వాడు వ్యాయామం చేసే యంత్రం పెట్టాడు. దాని మీద బట్టలు ఆరేస్తున్నారు. ఆవిడ ఆ తర్వాత ఐదు చలికాలాలు తన ఇంట్లో, తన కాళ్ళ మీద, ఎవరూ కూర్చోమనకుండా బతికారు. కొండ గురించి ఎవరికీ చెప్పుకోలేదు. ఆ పని నేను చేశాను. గిరావీన్ మొత్తానికి తెలుసు.

పదకొండో రోజు అన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, ఆవిడ వంటింట్లో మా కోడలు నా దగ్గరికి వచ్చింది. ఆ పది రోజులూ పెద్దగా ఏడవలేదు.

"మామయ్యగారూ, నేను ఆ రోజు ఒప్పుకోకుండా ఉండాల్సిందా? మా ఇంట్లో ఉంటే పక్కన ఎవరో ఒకరు ఉండేవాళ్ళం కదా."

నేను సాధారణంగా ఏ ప్రశ్నకీ చిన్న జవాబు చెప్పను. దీనికి చెప్పాను.

"నువ్వు ఒప్పుకోలేదమ్మా. ఓడిపోయావు."

ఆమె నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే, "చీటింగ్ చేసి గెలిచింది" అంది. అవునన్నాను. మా వాడు గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

బయట కౌన్సిలు చెత్త బండి వచ్చిన చప్పుడైంది. ఆవిడ ఇంటి ముందున్న ఎర్రమూత చెత్త డబ్బా ఎత్తి ఖాళీ చేసి, పక్కింటికి కదిలింది. మా వాడు వెళ్ళి డబ్బా లోపలికి లాక్కొచ్చి గోడ పక్కన పెట్టాడు.